ఫ్లాట్లు కదలని కాలంలో పని ఎక్కడ వెతకాలి?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరికి వెళ్లినా హైదరాబాదుకో చెన్నైకో బెంగళూరుకో బిల్డింగు పనికి పోయినవాళ్లు ఉంటారు. తాపీ మేస్త్రీలు, సెంట్రింగ్, రాడ్‌బెండింగ్ ముఠాలు, టైల్స్ వేసేవాళ్లు, పెయింటర్లు, కళాసీలు. వాళ్ల తర్వాతి తరంలో డిప్లొమా, బీటెక్ చదివిన సైట్ ఇంజనీర్లు, సూపర్‌వైజర్లు, వెంచర్లలో ప్లాట్లు అమ్మే కుర్రాళ్లు. ఫ్లాట్ల అమ్మకాలు పడిపోతే వీళ్లందరికీ దెబ్బే. కాకపోతే అది అందరికీ ఒకేసారి తగలదు.

మామూలు రోజుల్లో ఒక సైటు అయిపోతే తెలిసిన మేస్త్రికి ఫోన్ చేస్తే చాలు, వారంలో ఇంకో సైటు దొరుకుతుంది. ఇళ్ల మార్కెట్టే పడిపోయినప్పుడు ఆ మేస్త్రీ ఖాళీగానే ఉంటాడు, అతనికి పని ఇచ్చే సబ్‌కాంట్రాక్టరూ ఖాళీగానే ఉంటాడు. పని చెప్పే మనుషులంతా ఒకే గొలుసులో ఉండిపోవడమే ఇక్కడ పెద్ద చిక్కు. అదే నంబర్లకి రోజూ ఫోన్ చేస్తే రోజూ అదే జవాబు వస్తుంది. ఫ్లాటు కొనేవాడి డబ్బుతో సంబంధం లేకుండా నడిచే పనులు ఏవో కనిపెట్టి, అక్కడి మనుషుల్ని పట్టుకోవాలి. అంతకంటే ముందు, వదిలి వచ్చిన సైటు నుంచి రావాల్సింది రాబట్టుకోవాలి.

ఎవరి పని ముందు పోతుంది

బిల్డరుకి డబ్బు ఎలా వస్తుందో తెలిస్తే పని ఏ వరసలో పోతుందో కూడా తెలుస్తుంది. ఇళ్లు, ప్లాట్ల ప్రాజెక్టుల్ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం ప్రకారం కొనుగోలుదార్లు కట్టిన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు పేరున విడి బ్యాంకు ఖాతాలో ఉంచాలి. పని ఎంతవరకు అయిందో ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ముగ్గురూ ధ్రువీకరిస్తే ఆ మేరకే తీసుకోవాలి. బుకింగులు ఆగితే ఆ ఖాతాలోకి కొత్త డబ్బు రాదు.

ముందు పోయేది అమ్మకాల సిబ్బంది, అందులోనూ కమిషన్ మీద బతికేవాళ్లు. కొత్త ప్రాజెక్టులు మొదలుకావు కాబట్టి తర్వాతి దెబ్బ తవ్వకం, పునాది పనులకి. ఇప్పటికే లేచిన టవర్లు మాత్రం కొంతకాలం నడుస్తాయి, ఎందుకంటే పాత బుకింగుల వాయిదాలు స్లాబు స్లాబుకీ వస్తూనే ఉంటాయి. అందుకని సెంట్రింగ్, రాడ్‌బెండింగ్ వాళ్లకి కొన్ని నెలలు ఆలస్యంగా, ప్లాస్టరింగు, టైల్స్, కరెంటు, ప్లంబింగ్, పెయింటింగ్ వాళ్లకి ఏడాది పైగా ఆలస్యంగా తెలిసొస్తుంది. పక్కన సెంట్రింగ్ ముఠాలు సర్దుకుని ఊరికి వెళ్లిపోతుంటే టైల్స్ మేస్త్రి తనకేం ఢోకా లేదనుకుంటాడు. అతను వేరే దారి వెతుక్కోవాల్సింది సరిగ్గా అప్పుడే.

సైటు ఆగబోతోందని ముందే చెప్పే గుర్తులు కొన్ని ఉన్నాయి. సిమెంటు లారీ లోడుకి బదులు ట్రాక్టరులో వస్తుంది. ఇనుము ఒక్కో స్లాబుకి సరిపడా మాత్రమే దిగుతుంది. రెడీమిక్స్ వాడు డబ్బు పడితేగాని బండి పంపనంటాడు. వారం వారం ఇచ్చే ఖర్చులు పదిహేను రోజులకి జరుగుతాయి. పీఎఫ్ పాస్‌బుక్కులో రెండు నెలలుగా కొత్త పద్దు పడదు. వీటన్నిటికంటే గట్టి గుర్తు ఇంకొకటి ఉంది: కాంట్రాక్టరుకి బిల్లు బదులు ఫ్లాటో ప్లాటో రాసిస్తామనడం. కాంట్రాక్టరు దాన్ని అమ్మితేగాని కూలీకి డబ్బు రాదు, ఆ మార్కెట్లో అది అమ్ముడుపోదు. ఆ మాట చెవిన పడిన రోజే ముఠా తన లెక్క అడగాలి.

లెక్క తేల్చుకోకుండా రైలెక్కితే

ఉత్తరాంధ్ర ముఠాల్లో చాలావరకు గుత్త పనే, అంటే చదరపు అడుగుకి ఇంత అని. వారం వారం చేతికి వచ్చేవి ఖర్చులు మాత్రమే, అసలు లెక్క చివర్లో తేలుతుంది. సైటు మధ్యలో ఆగితే ఆ చివర అన్నదే రాదు. ఒక లెక్క చూడండి. ఒక ముఠా 12,000 చదరపు అడుగుల ప్లాస్టరింగు చేసింది, అడుగుకి 22 రూపాయల ఒప్పందం అనుకుందాం. మొత్తం 2,64,000 రూపాయలు. ఖర్చుల కింద ముట్టింది 1,90,000. మిగిలిన 74,000లో 5 శాతం నిలుపుదల 13,200 పక్కన పెడితే ఇప్పుడే రావాల్సింది 60,800. ఈ రెండు అంకెలూ విడివిడిగా కాగితం మీద ఉండాలి. నిలుపుదల సొమ్ము పని పూర్తయ్యాక ఇస్తామని ఆపేది. పని ఆగింది బిల్డరు వల్ల కాబట్టి, అది ఎప్పుడు ఇస్తారో తేదీ రాయించుకోకపోతే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే.

గొడవ ఎక్కువగా వచ్చేది కొలతల దగ్గర. ప్లాస్టరింగులో తలుపు, కిటికీ ఖాళీలు తీసేస్తారా లేదా అన్నది ముందే మాట్లాడుకోరు. నిర్మాణ పనుల కొలతలకి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 1200 ప్రకారం అర చదరపు మీటరు లోపు ఖాళీకి కోత లేదు. అర నుంచి 3 చదరపు మీటర్ల దాకా ఉన్న ఖాళీకి ఒక వైపే కోత, రెండో వైపు కోయకపోవడం అంచుల పనికి సరి. ప్రైవేటు సైటులో ఒప్పందం ఎలా ఉంటే అలా నడుస్తుంది గానీ, ఏ మాటా లేనిచోట ఈ ప్రమాణాన్ని చూపించి అడగవచ్చు. సెంట్రింగ్‌లో ఇంకో రకం పేచీ: స్లాబు విస్తీర్ణం మీద కొలుస్తారా, బీముల పక్కలూ కాలమ్ ముఖాలూ కలిపి పలక తగిలిన మేరంతా కొలుస్తారా? ఒకే పనికి ఈ రెండు లెక్కల మధ్య తేడా బాగా వస్తుంది. కొలతల కాగితం మీద సైట్ ఇంజనీరు సంతకం పెట్టించుకుని ఫోటో తీసి ఉంచుకోవాలి. సైటు మూతపడే వారంలో ఆ ఇంజనీరు ఉద్యోగమూ పోతుంది. ఆ తర్వాత సంతకం పెట్టే మనిషి ఉండడు.

సైటు వదిలే ముందు ఇంకొన్ని ఫోటోలు అవసరం. గేటు దగ్గర బోర్డు, అందులో బిల్డరు పేరు, ప్రధాన కాంట్రాక్టరు పేరు, రెరా నంబరు. హాజరు పుస్తకంలో తమ పేరున్న పేజీలు. గేట్ పాసు. కూలీ పంపిన ఫోన్‌పే, బ్యాంకు పద్దులు. మేస్త్రి డబ్బు ఎగ్గొట్టినా, అతని దగ్గరే లేకపోయినా చట్టం పైవాణ్ణి పట్టుకునే దారి ఇచ్చింది: కాంట్రాక్టరు కూలీ ఇవ్వకపోతే ప్రధాన యజమాని చెల్లించి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవాలి. పైవాడెవడో చూపించడానికి ఆ బోర్డు ఫోటోయే ఆధారం.

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్ ప్రకారం తీసేసినా, మానుకున్నా, సంస్థ మూసేసినా బకాయి జీతం రెండు పని దినాల్లో ఇవ్వాలి. క్లెయిము వేయడానికి మూడేళ్ల గడువు ఉంది. ఏడాదికి పైగా వరసగా పనిచేసిన కార్మికుణ్ణి తీసేస్తే నెల నోటీసో నెల జీతమో ఇవ్వాలి, పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. దీనికి తోడు కొత్త నైపుణ్యం నేర్చుకోవడానికని యజమాని జమచేసే 15 రోజుల వేతనం, 45 రోజుల్లో కార్మికుడి ఖాతాలో పడాలి. ఇక్కడ సైటు సూపర్‌వైజర్లకి ఒక మెలిక ఉంది. పర్యవేక్షణ పనిలో ఉండి నెలకి 18,000 రూపాయలు దాటి వేతనం తీసుకునేవాళ్లు పారిశ్రామిక సంబంధాల కోడ్ కింద కార్మికులు కారు, కాబట్టి పరిహారం అడగలేరు. బకాయి జీతం మాత్రం వాళ్లూ అడగవచ్చు. హోదా పేరులో సూపర్‌వైజర్ అని ఉన్నా నిజంగా చేసింది చేతిపని అయితే, ఆ సంగతి తెలిపే ఆధారాలు దాచుకోవాలి.

హైదరాబాదు సైటు గొడవ తెలంగాణ కార్మిక శాఖ పరిధిలోది. శ్రీకాకుళంలో లేబర్ ఆఫీసుకి వెళ్తే అక్కడికే పొమ్మంటారు, అందులో వాళ్ల తప్పు లేదు. అందుకే ఊరికి బయల్దేరక ముందే అక్కడ అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. అప్పటికే ఊరికి వచ్చేసిన వాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లవచ్చు. కార్మికులు, మహిళలు, ఎస్సీ, ఎస్టీలు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. 15100 నంబరుకి ఫోన్ చేసినా దారి చెబుతారు. ముఠా అంతా కలిసి ఒకే అర్జీలో పేర్లు, రోజులు, రావాల్సిన సొమ్ము పట్టికలా రాసి ఇస్తే విడి అర్జీల కంటే త్వరగా కదులుతుంది.

ఒక చిన్న కాగితం చాలామంది మరిచిపోతారు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదుకి గత 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసినట్టు ధ్రువపత్రం కావాలి, వయసు 18 నుంచి 60 మధ్య ఉండాలి. ఏ రాష్ట్రం బోర్డు ఆ రాష్ట్రానిదే. ఆంధ్రలో కార్డు తీసుకోవాలన్నా పాత సైటు ధ్రువపత్రం పనికొస్తుంది. కాంట్రాక్టరు ఇంకా ఫోన్ ఎత్తుతున్నప్పుడే అది అడగాలి.

పీఎఫ్, ఈఎస్‌ఐ: ఏది ఎప్పుడు తీయాలి

పీఎఫ్ క్లెయిములు ఆగిపోవడానికి మన వైపు ఒక ప్రత్యేక కారణం ఉంది: పేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పీఎఫ్‌లో ఒక్క అక్షరం ఉంటుంది, బ్యాంకులో ఇంటిపేరు చివర్లో ఉంటుంది. మూడూ ఒకేలా లేకపోతే క్లెయిము తిరిగొస్తుంది. రెండో కారణం, ప్రతి కాంట్రాక్టరూ కొత్త యూఏఎన్, అంటే పీఎఫ్ సభ్యుడి నంబరు, తెరవడం. ఒకే మనిషికి రెండు మూడు నంబర్లు ఉంటే అన్నిటినీ ఆధార్‌తో ఉన్న ఒకదానిలోకి మార్పించుకోవాలి. మూడోది, యజమాని ఉద్యోగం మానిన తేదీ నమోదు చేయకపోవడం. ఆఖరి చందా పడిన నెల నుంచి రెండు నెలలు గడిచాక సభ్యుడే యూఏఎన్ పోర్టల్‌లో ఆ తేదీ వేసుకోవచ్చు. దీనికి ఏ ఏజెంటుకీ డబ్బు ఇవ్వక్కర్లేదు.

పని పోయిన నెల తర్వాత 75 శాతం, రెండు నెలలయ్యాక మిగతాది తీసుకోవడం ఏళ్ల తరబడి ఉన్న పద్ధతి. 2025 అక్టోబరులో పీఎఫ్ ట్రస్టీల బోర్డు దీన్ని మార్చాలని నిర్ణయించింది: 75 శాతం వెంటనే, మొత్తం తీయాలంటే 12 నెలలు ఖాళీగా ఉండాలి, పింఛను సొమ్ము తీయాలంటే 36 నెలలు. దరఖాస్తు చేసే రోజున పోర్టల్ ఏ నిబంధన చూపిస్తోందో చూసుకోవాలి. ఏదైనా సరే, చివరి 25 శాతాన్ని రెండు నెలల్లో చేతికొచ్చే డబ్బుగా లెక్కేసుకుని పెళ్లికో అప్పుకో మాట ఇవ్వకూడదు. అయిదేళ్ల సర్వీసు నిండకుండా తీసిన సొమ్ము పన్ను లెక్కలోకి వస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. పింఛను సంగతి వేరు. పదేళ్ల సర్వీసు నిండితే నెలవారీ పింఛను హక్కు వస్తుంది. ఏడెనిమిదేళ్లు ఉన్నవాళ్లు ఫారం 10సీతో ఆ కాస్త సొమ్మూ తీసేసుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే, తర్వాతి ఉద్యోగం సర్వీసు దానికి కలుస్తుంది.

ఈఎస్‌ఐ, అంటే కార్మికుల వైద్య బీమా, ఉన్నవాళ్లకి వైద్యం పని పోయిన రోజే ఆగదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టిన చందా మీద తర్వాతి జనవరి నుంచి జూన్ దాకా, అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టినదాని మీద జూలై నుంచి డిసెంబరు దాకా హక్కు ఉంటుంది. ఆరు నెలల్లో కనీసం 78 రోజులకి చందా పడి ఉండాలి. ఆగస్టు చివర పని పోయినవాడికీ 78 రోజులు నిండి ఉంటే మరుసటి జూన్ దాకా ఆసుపత్రి దారి ఉన్నట్టే. కార్డు పారేయకూడదు. పని పోయిన బీమాదారులకి సగటు రోజు సంపాదనలో సగం చొప్పున 90 రోజుల దాకా ఇచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కూడా ఉంది. జీవితంలో ఒక్కసారే ఇస్తారు. గడువు తీరినప్పుడల్లా పొడిగిస్తూ వస్తున్న పథకం కాబట్టి ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో అడిగి, ఇప్పుడు నడుస్తోందంటేనే దరఖాస్తు చేయాలి.

ఈ సొమ్ములు రావడానికి వారాలు పడుతుంది. ఆ మధ్యలో నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తే ఏడాదికి 36 శాతం. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టడం దానికంటే ఎంతో నయం. పుస్తెలతాడు బ్యాంకులో పెట్టడం నామోషీ అనుకుని ఊళ్లో ప్రామిసరీ నోటు రాసే అలవాటు వల్లే మన దగ్గర చాలా ఇళ్లు మునిగాయి.

ఫ్లాటు డబ్బు అంటని పనులు

ఇక పని ఎక్కడుందో చూద్దాం. ప్రభుత్వ అప్పుతో, కేటాయింపుతో నడిచే నిర్మాణం మొదటిది. అమరావతి పనులు 2025 మే 2న మళ్లీ మొదలయ్యాయి. దాని వెనక ఉన్నది ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు చెరో దాదాపు 80 కోట్ల డాలర్లు, కేంద్ర ప్రభుత్వ సంస్థ హడ్కో 11,000 కోట్ల రూపాయల రుణం. ఫ్లాట్ల బుకింగులకీ దీనికీ సంబంధం లేదు. అక్కడి క్వార్టర్ల టవర్లకి కావాల్సిన సెంట్రింగ్, రాడ్ పని హైదరాబాదు టవర్లలో చేసినదే. అయితే సర్కారు సొమ్ము ఆగదని గుడ్డిగా నమ్మడానికీ లేదు. 2019లో అదే అమరావతిలో పనులు నిలిచిపోయాయి, అదే ఏడాది ఇసుక దొరక్క రాష్ట్రమంతా మేస్త్రీలు నెలల తరబడి ఖాళీగా కూర్చున్నారు.

జిల్లాల్లోని పెద్ద పనుల గురించి ఆశ ఎక్కువ, స్పష్టత తక్కువ. భోగాపురం విమానాశ్రయం రన్‌వే మీద 2026 జనవరిలో పరీక్షగా విమానం దిగింది. అంటే అక్కడ భారీ కాంక్రీటు పని అయిపోవచ్చిన దశ. ఇప్పుడు కాంక్రీటు ముఠా వెళ్లి నిలబడితే లాభం తక్కువ. కరెంటు, ఏసీ, అగ్నిమాపక పైపులు, నిర్వహణ, హౌస్‌కీపింగ్, చుట్టుపక్కల హోటళ్లు, రోడ్ల పని వైపు చూడాలి. సంతబొమ్మాళి మండలం మూలపేట పోర్టు పనులకి 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. ఓడరేవు పని యంత్రాల పని: అలల తాకిడి ఆపే రాతి గోడ, డ్రెడ్జింగ్, పైలింగ్. టిప్పర్, ఎక్స్‌కవేటర్ డ్రైవర్లకి, ఫిట్టర్లకి, వెల్డర్లకి దొరికినంత పని అక్కడ తాపీ మేస్త్రికి దొరకదు. రాయపూర్–విశాఖ ఆరు వరసల రహదారి లాంటి పనుల్లో మాత్రం కల్వర్టులు, వంతెనల దగ్గర సెంట్రింగ్, రాడ్ ముఠాలు కావాలి.

రెండో దారి ఫ్యాక్టరీలు. రణస్థలం మండలం పైడిభీమవరంలో మందుల కంపెనీలు, గరివిడి, బొబ్బిలి వైపు ఉక్కులో కలిపే లోహాలు చేసే ఫెర్రో ఎల్లాయ్స్ ఫ్యాక్టరీలు. వీటిలో నిర్వహణ పని ఏడాది పొడుగునా ఉంటుంది, మరమ్మతుల కోసం ఫ్యాక్టరీ ఆపే షట్‌డౌన్ రోజుల్లో ఒక్కసారిగా పెరుగుతుంది. గేటు దగ్గరికి వెళ్లి అడిగితే సెక్యూరిటీ వాడు పంపేస్తాడు. పని ఇచ్చేది లోపల పనిచేసే కాంట్రాక్టరు. గేటు పాసు కావాలంటే ఆధార్, పోలీసు వెరిఫికేషన్, వైద్య పరీక్ష, భద్రతా శిక్షణ అవసరం. ఎత్తు మీద పనిచేసేవాళ్లకి రక్తపోటు, చూపు, మూర్ఛ గురించి చూస్తారు. ఇవి ముందే సిద్ధం చేసుకున్నవాణ్ణి షట్‌డౌన్‌కి రెండు రోజుల ముందు పిలిచినా తీసుకుంటారు, మిగతావాళ్లకి పాసు వచ్చేసరికి షట్‌డౌన్ అయిపోతుంది. ఫెర్రో ఫర్నేసుల్లో అగ్ని ఇటుకల పని వేరే విద్య: సందు చాలా సన్నగా ఉండాలి, ప్రత్యేకమైన మసాలా వాడతారు. మంచి తాపీ మేస్త్రి దాన్ని ఒక షట్‌డౌన్‌లో సహాయకుడిగా చేరి పట్టుకోగలడు. కూలీ తగ్గిందని మొదటిసారి వెనక్కి రాకూడదు.

ఎలక్ట్రీషియన్లకి ఇంటిపైకప్పు సోలార్ తెరిచి ఉన్న దారి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ కింద 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కి 30,000, మూడు కిలోవాట్లు, ఆపైన మొత్తం 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. బిగించే వెండార్లకి డీసీ వైరింగ్, ఎర్తింగ్ తెలిసిన మనుషులు కావాలి. ఫ్లాట్లలో వైరింగ్ చేసినవాడికి కొత్తగా నేర్చుకోవాల్సింది కొద్దే. వైర్‌మన్ పర్మిట్ ఉంటే కూలీ నుంచి సబ్‌కాంట్రాక్టుకి ఎక్కవచ్చు.

మూడోది సొంత ఇళ్లు కట్టుకునేవాళ్లు. సైన్యంలో రిటైరైనవాళ్లు, టీచర్లు, గల్ఫ్ సంపాదన ఉన్నవాళ్లు కట్టే ఇళ్లు మార్కెట్‌ని బట్టి ఆగవు, ముహూర్తాన్ని బట్టి నడుస్తాయి. మాఘంలో గృహప్రవేశం పెట్టుకున్న ఇంటికి మార్గశిరం, పుష్యాల్లో టైల్స్, పెయింటింగ్, ప్లంబింగ్ వాళ్లు దొరకరు. ఆషాఢంలో, మూఢంలో కొత్త శంకుస్థాపనలు ఉండవు. కాబట్టి తుది పనుల వాళ్లు ముహూర్తాలకి రెండు మూడు నెలల ముందే ఆ యజమానుల్ని కలవాలి. ప్రభుత్వ గృహ పథకాల లబ్ధిదారు ఇళ్లలో బిల్లు బేస్‌మెంట్, రూఫ్ లెవెల్, స్లాబు అంటూ దశలవారీగా వస్తుంది, అదీ దశ పూర్తయి ఫోటో ఎక్కాకే. మేస్త్రి రెండు దశలు ముందుకెళ్లి పని చేసేస్తే, ఆ ఇంటాయన ఎంత మంచివాడైనా ఇవ్వడానికి అతని దగ్గర డబ్బుండదు. ఒక దశ డబ్బు ముట్టాకే తర్వాతి దశ ఎత్తుకోవాలి.

ఎవరిని అడగాలి

ఎక్కడ పని నడుస్తోందో ముందు తెలిసేది సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చే షాపుకి. పలకలు, జాకీలు షాపు వెనక గుట్టగా పడి ఉంటే చుట్టుపక్కల స్లాబులు లేవు. ఖాళీగా ఉంటే అవి ఏ ఊళ్లో ఉన్నాయో ఆ షాపు పుస్తకంలో ఉంటుంది. రెడీమిక్స్ ప్లాంటు డిస్పాచ్ గుమస్తా, క్రషర్ దగ్గర లారీ డ్రైవర్లు, హార్డ్‌వేర్ షాపు యజమాని, వీళ్ల దగ్గర ఉన్న సమాచారం ఏ ఉద్యోగాల యాప్‌లోనూ ఉండదు. నిర్మాణ ముఠాలకి ఇది చాలు.

ఇంజనీర్లు, సూపర్‌వైజర్ల వెతుకులాట కాస్త వేరు. రాష్ట్ర ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో ఏ పనికి టెండరు ఖరారైందో చూసి, ఆ కాంట్రాక్టరుకే నేరుగా రాయడం మంచి పద్ధతి. పని దక్కిన తొలి నెల రెండు నెలల్లోనే సైటు సిబ్బందిని తీసుకుంటారు. బయోడేటాలో బాధ్యతల జాబితా ఎవరూ చదవరు. ఎన్ని అంతస్తులు, ఎన్ని చదరపు అడుగులు, స్లాబుకి స్లాబుకీ మధ్య ఎన్ని రోజులు, ఇనుము వృథా ఎంత శాతంలో ఆపారు, బార్ బెండింగ్ షెడ్యూలు, బిల్లింగ్ సొంతంగా చేశారా అన్నవి అంకెల్లో ఉండాలి. బిల్లింగ్, క్వాలిటీ తెలిసినవాడికి రోడ్డు, వంతెన కంపెనీల్లో చోటు దొరుకుతుంది. సైటులో మనుషుల్ని తిప్పడం మాత్రమే తెలిసినవాడికి కష్టం. ఎందుకు మానేశారని అడిగితే ప్రాజెక్టు రెరా నంబరు ఇస్తే సరిపోతుంది. ఎన్ని ఫ్లాట్లు బుక్కయ్యాయి, పని ఎక్కడ ఆగింది అన్నది రెరా సైటులో మూడు నెలలకోసారి బిల్డరే పెట్టాలి. తప్పు ఎవరిదో అదే చెబుతుంది. కొత్తగా చేరబోయే కంపెనీని కూడా ఇదే సైటులో చూసుకోవాలి. రెండు మూడు త్రైమాసికాలుగా వివరాలు పెట్టని ప్రాజెక్టులో చేరితే మళ్లీ ఇదే కథ.

రోజు కూలీ కాదు, నెలకి రోజులు

ఊళ్లో కూలీ తక్కువని మళ్లీ నగరానికే పోవాలనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే వేరేలా ఉండవచ్చు. నగరంలో రోజుకి 1,100, ఇక్కడ 850 అనుకుందాం. నగరంలో గది వాటా 1,500, తిండి 4,500, పై ఖర్చులు 1,500, ఊరికి రాకపోకలు నెలకి సగటున 600, మొత్తం 8,100. ఇక్కడ 15 రోజులు పని దొరికితే 12,750, పెట్రోలు 1,200 పోగా 11,550 మిగులుతుంది. అంతే మిగలాలంటే నగరంలో 18 రోజులు పని దొరకాలి. మాంద్యంలో అది 14 రోజులకి పడితే మిగిలేది 7,300. కాబట్టి మేస్త్రి ఫోన్ చేసినప్పుడు కూలీ ఎంతని కాదు, పోయిన నెలలో ఎన్ని రోజులు పని పడిందని అడగాలి. అదే ప్రశ్న ఆ సైటులో ఉన్న మన ఊరి కళాసీని కూడా అడిగితే అసలు జవాబు వస్తుంది.

పని కరువైన కాలంలో అడ్వాన్సు తీపిగా ఉంటుంది. ముందే పెద్ద మొత్తం ఇచ్చి కుటుంబాన్నంతా తీసుకుపోయే చోట్ల కూలీ రేటు ఎంతో, తిండి సామాను ఎవరిదో, మధ్యలో వచ్చేస్తే లెక్క ఎలాగో ముందే రాయించుకోవాలి. అప్పు తీరేదాకా కదలనివ్వకపోతే అది వెట్టి చాకిరీ, 1976 చట్టం కింద నేరం. ముఖం తెలియని సైటుకి పేరు నమోదు లేకుండా వెళ్లడం ఇంకో ప్రమాదం. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది పోయారు, వాళ్లలో చాలామంది మన రెండు జిల్లాల వాళ్లు. మస్టరులో పేరు లేనివాడి కుటుంబానికి పరిహారం దగ్గర మొదటి అడ్డంకి అదే. చేరిన రోజే హాజరు పుస్తకంలో పేరు, ఇంటికి సైటు చిరునామా చేరాలి.

విదేశాల మాట చెప్పేవాళ్లూ ఈ కాలంలోనే ఎక్కువవుతారు. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో రిజిస్టరైన ఏజెంటు అవునో కాదో చూడటానికి పది నిమిషాలు పట్టదు. ఏజెంటు తీసుకోగలిగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. విజిట్ వీసా మీద తీసుకెళ్తామన్నా, థాయ్‌లాండ్, కాంబోడియాల్లో డేటా ఎంట్రీ అన్నా వద్దనాలి. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన ముఠా ఉత్తరాంధ్ర కుర్రాళ్లని అలాగే తీసుకెళ్లి సైబర్ మోసాల పనిలో పడేసింది.

నగరంలో మార్కెట్ మళ్లీ లేస్తే మొదట పిలుపు వచ్చేది తవ్వకం, పైలింగ్ వాళ్లకి, తర్వాత సెంట్రింగ్, రాడ్ ముఠాలకి. ఏ సైటు నిజంగా కదులుతోందో రెరా త్రైమాసిక వివరాల్లో బుకింగులు పెరగడాన్ని బట్టి, స్లాబుల పని సాగడాన్ని బట్టి తెలుస్తుంది. టైల్స్, పెయింటింగ్ వాళ్లు సైటు మొదలైందన్న కబురుకి ఇక్కడి పని వదులుకోకూడదు. గోడలు లేచి ప్లాస్టరింగు సగమయ్యాక, ఒక ఫ్లోరు కొలతలూ రేటూ కాగితం మీద పెట్టి పంపమంటే చాలు. పంపిన మేస్త్రి దగ్గరికి వెళ్లవచ్చు.